గడ్డం జారితే వాన

శిఖరపురంలో ఆకాశం ఒక్కడి సొత్తు.

ఆ నగరానికి తక్కినవన్నీ ఉన్నాయి. రంగురంగుల రాళ్ళు పరిచిన రాజవీధులు, కలువలు విచ్చిన అగడ్త, గంధపు చెక్క తలుపుల మేడలు, ప్రతి మేడ మీదా ఒక బంగారు కలశం. అయితే ఆ కలశాలు బంగారువని ఊళ్ళో సగం మందికి తెలియదు. తెలియాలంటే తల ఎత్తాలి. తల ఎత్తడం నేరం.

ముప్పై ఏళ్ళ కిందట కాకశిఖరం నుంచి దిగివచ్చిన ఝంఝాకేతుడనే మాంత్రికుడు, మబ్బులు తన మంద అని, తాను తప్ప మరొకరు చూస్తే దిష్టి తగిలి ఆవుల్లా వట్టిపోతాయని అప్పటి రాజుకు చెప్పాడు. రాజు నమ్మాడు. ఆనాటి నుంచి పసిపిల్లలతో సహా అందరూ గడప దాటితే రెప్పగొడుగు పెట్టుకోవలసిందే. అది తాటాకుతో అల్లిన వెడల్పాటి టోపీ. దాని అంచు కళ్ళ మీదికి దిగి ఉంటుంది. పెట్టుకున్నవాడికి ఎదుటివాడి గడ్డం వరకే కనబడుతుంది. అందువల్ల శిఖరపురవాసులు ఒకరినొకరు గడ్డాలను బట్టి గుర్తుపట్టేవారు. గడ్డం కాస్త పైకి లేచినవాణ్ణి పట్టుకోవడానికి నింగిభటులు వీధుల్లో తిరిగేవారు.

ఏటా వానాకాలంలో ఒకనాడు ఝంఝాకేతుడు వాన చాటింపు వేసేవాడు. తాను చెప్పిన గడియకు వాన కురిసేది. కురిసినందుకు ప్రతిఫలంగా, చీటీలో ఎవరి పేరు వస్తే ఆ పిల్లనో పిల్లవాణ్ణో కాకశిఖరానికి తీసుకుపోయేవాడు. ముప్పై ఏళ్ళలో ఒక్కసారి కూడా గడియ తప్పలేదు. వెళ్ళిన పిల్లల్లో ఒక్కరూ తిరిగి రాలేదు.

పోయినేడు చీటీలో వచ్చిన పేరు వేణి. ఆ పదేళ్ళ పిల్లది ఆ ఊరు కాదు. సముద్రపుటొడ్డున ఉన్న మౌక్తికపురి నుంచి మేనత్తను చూడటానికి వచ్చింది. ఆమె అన్న సారంగుడు పడవ నడిపేవాడు. కబురు అందిన రోజున అతను పడవను ఒడ్డుకు లాగి, బోర్లించి, నడక మొదలుపెట్టాడు.

ఇప్పుడు శిఖరపురంలో అతని పేరు అనంతభట్టు. వయసు డెబ్భై. నడుం వంగింది, చేతికర్ర వచ్చింది, రొమ్ము దాకా తెల్లటి గడ్డం దిగింది. ఆ గడ్డం గుర్రపు వెంట్రుకలది, తుమ్మజిగురుతో అంటించినది. చెల్లెలి మాట అతను ఎవరితోనూ అనలేదు. కాకశిఖరానికి దారి తెలుసుకోవాలంటే బడి పెట్టడమే మేలనుకున్నాడు. పిల్లలకు తెలియని రహస్యం ఏ ఊళ్ళోనూ ఉండదు. వారం తిరిగేసరికి అతనికి తెలిసింది మాత్రం వేరే సంగతి. ఈ పిల్లల్లో ఎవరూ మబ్బును చూసి ఎరగరు.

ఆ మర్నాడు పలకరింపులయ్యాక, అందరూ ఇంటి నుంచి ఒక్కొక్క పళ్ళెం తెచ్చుకోమన్నాడు.

*

బడి వెనక పెరట్లో పదిహేడు మంది పిల్లలు పదిహేడు ఇత్తడి పళ్ళేల ముందు కూర్చున్నారు. పళ్ళెం చేయి చాచినంత దూరంలో ఉంది. అందులో రెండు వేళ్ళ లోతు నీళ్ళు. భటుడెవరైనా గోడ మీంచి తొంగిచూస్తే పదిహేడు వంచిన తలలు కనబడతాయి. రాజ్యంలో అంతకు మించిన విధేయత మరెక్కడా లేదు. నీళ్ళలో మాత్రం ఆకాశమంతా ఉంది.

“ఏం కనబడుతోంది?” అన్నాడు అయ్యవారు.

“మబ్బు.”

“మబ్బని పళ్ళెం చూడకుండా నేనే చెప్పగలను. ఎలాంటి మబ్బు?”

“కుడుముల్లాంటి మబ్బయ్యోరూ,” అన్నాడు దబ్బడు. వాడికి అసలు పేరు వేరే ఉంది గానీ అది వాడికే గుర్తుండదు.

“ఎన్ని?”

“పొద్దున రెండు. ఇప్పుడు ఏడు.”

“అడుగు ఎలా ఉంది?”

“చదునుగా. పీట మీద పెట్టినట్టు.”

“కుడుములు పొంగుతున్నాయా, అలాగే ఉన్నాయా?”

“ఆకలి మీద చూస్తే పొంగుతున్నట్టే ఉంటదయ్యోరూ. పైడిని అడగండి. అది చద్దన్నం తినొచ్చింది.”

పైడి చాకలి సరసి కూతురు. తొమ్మిదేళ్ళు. బట్టలు ఆరిన రోజున అన్నం, ఆరని రోజున గంజి ఉండే ఇల్లు వాళ్ళది. అందుకే తక్కిన పిల్లలు పళ్ళెంలోకి ఆటగా చూస్తే, ఆ పిల్ల పాలు పొంగుతాయేమోనని కాపలా కాసినట్టు చూసేది.

“పొంగట్లేదు,” అంది. “అంచులు పీకిన దూదిలాగా చెదిరిపోతన్నాయి. సాయంత్రానికి ఏమీ మిగలదు. ఇవాళ దుప్పట్లు ఉతుక్కోవచ్చు.”

“రాయి. చూద్దాం.”

అవునని గానీ కాదని గానీ అతను ఎప్పుడూ అనేవాడు కాదు. పొద్దున పళ్ళెంలో చూసిన మబ్బును తాటాకు మీద గంటంతో గీయాలి. దాని పక్కన ఏం జరుగుతుందో రాయాలి. సాయంత్రం ఏం జరిగిందో దాని కింద రాయాలి. తప్పు పోయినదాన్ని కొట్టెయ్యకూడదు. “కొట్టేస్తే రేపు అదే తప్పు కొత్తగా చేస్తావు,” అనేవాడు.

మబ్బులకు పేర్లు కూడా అతను చెప్పలేదు. పిల్లలే పెట్టుకున్నారు. ఎత్తున సన్నగా తేలేవి కొంగ ఈకలు. ఈకలు వచ్చిన రెండో రోజున సూర్యుడి చుట్టూ వరదగుడి కట్టేది. ఆ తర్వాత బూడిద దుప్పటి కప్పుకునేది, ముసురు పట్టేది. అడుగు నల్లబడి గుట్టలు గుట్టలుగా పెరిగేదాన్ని పిల్లలు వేలాడే గుమ్మడి అన్నారు. పళ్ళెంలో అది తలకిందులుగా కనబడేది మరి. ఒకనాడు అయ్యవారు గడ్డివాము సందులోంచి, గొడుగు తీయించి, పైడికి అదే మబ్బును నేరుగా చూపించాడు.

పైడి చాలాసేపు చూసింది.

“ఎవరో బోర్లించారయ్యోరూ,” అంది.

“పళ్ళెంలో ఉన్నది సరైనదా, పైన ఉన్నదా?”

“పళ్ళెంలోది. అలవాటైనది అదే కదా.”

“వాన ఏ వైపు నుంచి పడుతుంది?”

పైడి ఆలోచించింది. “నల్లగా ఉన్న వైపు నుంచి.” మళ్ళీ పైకి చూసింది. నలుపు కిందనే ఉంది. “అయితే పైదే సరైంది. మన పళ్ళేలే శీర్షాసనం వేశాయి,” అని ఒప్పుకుంది. కాస్త చిన్నబోయింది కూడా.

నలభై రోజులు గడిచాయి. ఒక సాయంత్రం తాటాకులు తిరగేస్తుంటే, పైడి ఆకు మీద అతనికి అర్థం కాని మూడో వరస ఒకటి కనబడింది. మబ్బు, వాన, ఆ పక్కన ‘గట్టి’, ‘గట్టి’, ‘వదులు’, ‘సగం’, ‘గట్టి’.

“ఇదేమిటి?”

“మీ గడ్డమయ్యోరూ.”

“నా గడ్డం ఏం చేసింది?”

“ఎండ రోజుల్లో బాగానే ఉంటది. గాలిలో చెమ్మ ఎక్కితే ఎడం చెంప దగ్గర ఊడిపోయి కిందికి దిగుద్ది. దిగితే ఒక గడియలోపు వాన. తప్పింది రెండు సార్లే. ఆ రెండ్రోజులూ మీరు మజ్జిగ తాగేటపుడు తడుపుకున్నారు. అదీ రాశాను, చూడండి.”

అయ్యవారు గడ్డం అదిమి పట్టుకున్నాడు.

“ఇది ఎంతమందికి తెలుసు?”

“పదిహేడు మందికి.”

“ఎప్పటి నుంచి?”

“రెండో రోజు నుంచి. మేం మనుషుల్ని గడ్డాలు చూసే గుర్తుపడతాం గదండీ.”

“మరి ఎందుకు అడగలేదు?”

“అడిగితే తీసేస్తారుగా,” అంది పైడి. “మాకు వాన ఎట్టా తెలుస్తది?”

*

పిల్లలకు తెలిసింది ఇళ్ళకు తెలియకుండా ఉండదు. ఝంఝాకేతుడికి ఇబ్బంది అక్కడ మొదలైంది.

అతని పద్ధతి చాలా ఘనంగా ఉండేది. చీటీ నాడే కాదు, మబ్బు పట్టినప్పుడల్లా కాకశిఖరం మీద నిలబడి అది ఎటు వస్తోందో చూసుకునేవాడు. చూసుకుని ఎనిమిది మంది మోసే నల్లపల్లకిలో, డప్పులతో, చేతిలో పొగలు కక్కే ఇనుప ధూపపాత్రతో నగరంలోకి దిగేవాడు. అంగడి వీధి మధ్య నిలబడి పాములబెత్తం ఎత్తి, “కురువు” అనేవాడు. కురిసేది. ఆరబోసిన మిరపకాయలు కొట్టుకుపోయేవి. జనం పరుగులు తీసేవారు, ఏడ్చేవారు, ఆ తర్వాత వచ్చి కాళ్ళ మీద పడేవారు.

ఈసారి వచ్చేసరికి వీధిలో ఒక్క మిరపకాయ లేదు. దండేల మీద గుడ్డముక్క లేదు. పిడకల మీద ఈతచాపలు కప్పి ఉన్నాయి. డప్పులు మోగినా ఎవరూ పరిగెత్తలేదు. అరుగు మీద ఒక ముసలమ్మ మూకుడు పెట్టుకుని గారెలు వేస్తోంది.

“కురువు,” అన్నాడు ఝంఝాకేతుడు.

“కురుస్తది, ఇంకా కాసేపుంది,” అంది ముసలమ్మ, అతని చెప్పులు చూస్తూ. “రెండో వాయి దించాక మొదలవుద్ది. కాస్త పక్కకు జరుగు నాయనా, పొయ్యికి గాలి అడ్డం.”

రెండో వాయి దించాక మొదలైంది.

మరో వారం అతను వచ్చి, “మీకు ఎండను దయచేస్తున్నాను” అన్నాడు. అప్పటికే చాకిరేవు పొడవునా చీరలు రెపరెపలాడుతున్నాయి. ఆ చీరల మధ్య నుంచి ఎవరో పిల్లవాడు, “మూడు రోజులు దయచెయ్యండి సామీ, బొంతలున్నాయి” అన్నాడు. ఎవరన్నారో భటులకు అంతుపట్టలేదు. అందరి గడ్డాలూ వంచుకునే ఉన్నాయి.

మాంత్రికుడి వేగులు పది రోజులు వెతికి, బడి పెరట్లో పళ్ళేల సంగతి పట్టుకున్నారు. ఆ ఏడు చీటీల కుండలో వెయ్యి చీటీలు వేశారు. వెయ్యింటి మీదా ఒకటే పేరు రాసి ఉంది.

*

చీటీ తీసే నాడు పొద్దున్నే రాజప్రాంగణం నిండిపోయింది. పాలరాతి మెట్ల మీద సింహాసనం, దానికి రెండు వైపులా వింజామరలు, ముత్యాల జాలరు కుట్టిన పట్టపుటేనుగు, దాని పక్కన దాని మావటి పోలయ్య. మధ్యలో చాకలి సరసి కూతురి చేయి గట్టిగా పట్టుకుని నిలబడి ఉంది. ఆమె వెనక పదహారు మంది పిల్లలు, చేతికర్రతో అయ్యవారు.

మహారాజు మాణిక్యవర్మ చీటీ విప్పి చదివాడు. “చాకలి సరసి కూతురు పైడి.”

 సరసి చేయి మరికాస్త బిగిసింది.

“మహారాజా,” అంది పైడి. “ఆయన చెప్పిన గడియకి వాన పడకపోతే?”

మహారాజు ఆ మాట ఎన్నడూ ఆలోచించలేదు. “ముప్పై ఏళ్ళలో తప్పలేదమ్మా.”

“తప్పితేనండి?”

మహారాజు మంత్రి వైపు చూశాడు. మంత్రి తన చెప్పుల వైపు చూశాడు.

“తప్పితే నువ్వు ఇంటికి పోతావు,” అన్నాడు మహారాజు చివరికి.

ఝంఝాకేతుడు నవ్వాడు. కాకి ఈకల కిరీటం, మోకాళ్ళ దాకా పొగరంగు అంగీ, ఎండిన వేపబద్దలాంటి ముఖం. “సరే. అయితే ఈ పిల్ల కూడా గడియ చెప్పాలి. పళ్ళేల పండితురాలు కదా. నేను తప్పి, ఆమె నెగ్గితే ఇంటికి పోనివ్వండి. ఆమె తప్పితే, నేను తప్పినా సరే, నా వెంట వస్తుంది.”

“చెబుతాను,” అంది పైడి. “నా పళ్ళెం ఇప్పించండి.”

పళ్ళెంలోకి చూడరాదని శాసనంలో ఎక్కడైనా ఉందేమోనని మంత్రి మూడు రాగిరేకులు తిరగేశాడు. లేదు. పళ్ళెం తెచ్చారు, నీళ్ళు పోశారు.

పక్కనే గంగాళంలో రాగిగిన్నె తేలుతోంది. దాని అడుగున సూదిమొనంత చిల్లి ఉంది. గిన్నె నిండి మునిగితే ఒక గడియ.

“మూడో గిన్నె మునిగేలోగా వర్షం,” అన్నాడు ఝంఝాకేతుడు, తల ఎత్తకుండా. తెల్లవారుతూనే పడమటి కొండల మీద లేచిన నల్లటి మబ్బును అతను తన శిఖరం నుంచి చూసి వచ్చాడు. అది ఎంత వేగంగా వస్తుందో లెక్క వేసుకున్నాడు. లెక్క మంచిదే. కాని ఇప్పుడు ఆ మబ్బు ఏం చేస్తోందో చూడటానికి అతనికి వీల్లేదు. మంద తన మాట వింటుందని ముప్పై ఏళ్ళుగా చెప్పుకున్నవాడు, అది ఎక్కడ మేస్తోందో నలుగురిలో తల ఎత్తి వెతకకూడదు కదా.

పైడి పళ్ళెం మీదికి వంగింది. పడమటి మబ్బు నీళ్ళలోకి వచ్చింది. చాలా నలుపు. కాని పొంగడం లేదు. అంచులు చింకిగుడ్డలా ఉన్నాయి, ఆ చింకుల్లోంచి వెలుతురు కారుతోంది. పళ్ళేన్ని మెల్లగా ఈశాన్యం వైపు జరిపింది. కోట గోడ చివర, గోరంత తెల్లటి గుమ్మడి వేలాడుతోంది. ఆమె కాసేపు ఆగి మళ్ళీ చూసింది. గోరు బొటనవేలైంది.

“మూడో గిన్నెకి చుక్క పడదు,” అంది. “ఆరో గిన్నె మునిగేలోపు పడుద్ది.”

“ఇంత ఎండలోనా?” అన్నాడు మహారాజు.

“ఎండ ఉంటేనే గదండీ అది పొంగేది.”

మొదటి గిన్నె మునిగింది. రెండోది మునిగింది. ప్రాంగణం మీదికి నీడ పాకింది. జనం భుజాలు ముడుచుకున్నారు. ఝంఝాకేతుడు పాములబెత్తం ఎత్తి, “కురువు” అన్నాడు. నీడ ఏనుగు మీంచి, సింహాసనం మీంచి నడిచి, తూర్పు గోడ దిగి వెళ్ళిపోయింది. ఎండ మళ్ళీ చురుక్కుమంది. మూడో గిన్నె బుడుంగున మునిగింది.

ముప్పై ఏళ్ళలో మొదటిసారి శిఖరపురంలో మాంత్రికుడు చెప్పిన గడియ పొడిగా గడిచింది.

“మాంత్రికవర్యా, కాస్త ఆలస్యమైనట్టుంది,” అన్నాడు మహారాజు మర్యాదగా.

“ఈ పిల్ల పళ్ళెం అడ్డం పడింది.”

“పళ్ళెం ఇంత ఉంది, ఆకాశం అంత ఉంది. ఎట్టా అడ్డం పడుద్ది సామీ?” అన్నాడు దబ్బడు. తల్లి వాడి నోరు మూసింది.

నాలుగో గిన్నె మునిగింది. ఇప్పుడు ఝంఝాకేతుడికి నిలకడ పోయింది. పైడి చూపు ఈశాన్యం మూలనే ఉండటం అతను గమనించాడు. అక్కడ ఏముందో తెలియడం లేదు. బెత్తం చేతులు మార్చుకున్నాడు. కిరీటం సర్దుకున్నాడు. సర్దుకుంటున్నట్టు చేయి అడ్డం పెట్టుకుని, ఒక్క క్షణం, తల ఎత్తి పైకి చూశాడు.

“భటుడు గారూ,” అన్నాడు దబ్బడు తల్లి వేళ్ళ సందులోంచి, “ఆయన గడ్డం ఎత్తాడు.”

నింగిభటులు ముప్పై ఏళ్ళుగా ఒకే పని నేర్చుకున్నారు. లేచిన గడ్డం కనబడితే చేతులు వాటంతటవే వెళ్ళి పట్టుకుంటాయి. ఇద్దరు వెళ్ళి మాంత్రికుణ్ణి చెరో రెక్కా పట్టుకున్నాక గాని, పట్టుకున్నది ఎవరినో వాళ్ళకు తెలియలేదు. తెలిసి వదిలేశారు. కాని అప్పటికే ప్రాంగణమంతా చూసింది. మబ్బుల యజమాని మబ్బు కోసం వెతుక్కుంటున్నాడు.

మొదట సరసి తన రెప్పగొడుగు తీసింది. ఆ తర్వాత ఆమె పక్కనున్న గారెల ముసలమ్మ తీసింది. “ఓలమ్మో, ఇంత ఎత్తుందా,” అంది. ఆ తర్వాత ఎవరు ముందు తీశారో, ఎవరు వెనక తీశారో చెప్పడం కష్టం. వందల తాటాకు టోపీలు నేల మీద పడ్డాయి. జనం నోళ్ళు తెరుచుకుని నిలబడ్డారు. ఈశాన్యాన తెల్లటి కొండ ఒకటి కోట గోడను దాటి, బంగారు కలశాలను దాటి, ఇంకా పెరుగుతోంది. దాని అడుగు నేరేడుపండు రంగు తిరిగింది.

అయిదో గిన్నె మునిగింది. గాలి ఆగింది. మెడల మీద చెమట పట్టింది. పైడి పళ్ళెం వదిలేసి అయ్యవారి వైపు చూడసాగింది. అతను ఎడం చేత్తో చెంప అదిమి పట్టుకుని ఉన్నాడు.

“చెయ్యి తియ్యండయ్యోరూ,” అంది గొంతు తగ్గించి.

“పంటినొప్పి.”

“చెయ్యి తియ్యండి. నాకు కనబడట్లేదు.”

చేయి తీస్తే ఏమవుతుందో అతనికి తెలుసు. డెబ్భై ఏళ్ళ అనంతభట్టు ఆ ప్రాంగణంలోనే అయిపోతాడు. చుట్టూ మాంత్రికుడి వేగులున్నారు. పైడి కళ్ళు అతని చెంప మీదే ఉన్నాయి. అతను చేయి దించాడు.

గడ్డం ఎడం పక్క నుంచి మెల్లగా ఊడింది, కాసేపు కుడి చెంపన వేలాడింది, జారి కాళ్ళ దగ్గర పడింది.

“వచ్చేసింది,” అంది పైడి మహారాజుతో. మాట పూర్తయిందో లేదో, ఆమె పళ్ళెంలో టప్పున ఒక చినుకు పడింది. గంగాళంలో ఆరో గిన్నె అంచు దాకా నిండి, ఇంకా తేలుతూనే ఉంది.

వాన దిగింది. మిరపకాయలు లేని, బట్టలు లేని ప్రాంగణంలో, ఎవరూ పరిగెత్తలేదు. సరసి కూతుర్ని దగ్గరికి లాక్కుని, పమిట ఆమె తల మీద కప్పింది.

ఝంఝాకేతుడు మాత్రం గడ్డం ఊడిన ముఖాన్నే చూస్తున్నాడు.

“ఈ ముఖం నేనెరుగుదును,” అన్నాడు. “పోయినేడు తీసుకుపోయిన పిల్లది ఇదే ముఖం.”

సారంగుడు వంగిన నడుం నిటారుగా చేశాడు. “బతికి ఉందా?” అన్నాడు. అతను అడిగింది అదొక్కటే.

 మాంత్రికుడి విద్యల్లో నూటికి తొంభై తొమ్మిది వట్టి చూపే. ఒక్కటి మాత్రం నిజంగా వచ్చు. అది పొగను తాడుగా పేనడం. ధూపపాత్ర మూత తన్నేశాడు. నల్లటి పొగ వానలోనూ చెదరకుండా లేచింది. రెండు చేతులతో దాన్ని మెలితిప్పాడు. ఒక కొస పైకి విసిరితే మబ్బు అడుగున చిక్కుకుంది. రెండో కొసను ఉచ్చుగా వేసి పైడి మీదికి విసిరాడు.

“ఈ పిల్ల నాది.”

ఉచ్చు ఆమె మెడ మీదికి దిగేలోగా సారంగుడు ముందుకు దూకి, చేతికర్రతో దాన్ని లాగి, తన నడుముకు తానే తగిలించుకున్నాడు. దారి తెలియని చోటికి పోవాలంటే, దారి తెలిసినవాడి తాడు కంటే మేలైనది లేదు. తాడు బిగిసింది. తాడు పట్టుకుని ఉన్న మాంత్రికుడూ, ఉచ్చులో ఉన్న అయ్యవారూ ఒకరి వెనక ఒకరు గాలిలోకి లేచారు. ఇద్దరి కాళ్ళూ కోట గోడను రాసుకుంటూ పోయాయి.

“తాటాకులు తడవనీకండి,” అని పైనుంచి కేక వేశాడు అయ్యవారు. “ఇవాళ్టిది రాయకుండా ఇళ్ళకు పోవద్దు.”

మబ్బు వాళ్ళిద్దరినీ మింగేసింది.

ప్రాంగణంలో అందరూ మాట్లాడటం మొదలుపెట్టారు. పైడి మాత్రం మబ్బునే చూస్తోంది.

“కాకశిఖరం ఉత్తరాన గదా,” అంది దబ్బడితో. “ఆ మబ్బు నైరుతికి పోతంది.”

“ఆయన మంద ఆయన మాట వినట్లా?”

“ఎప్పుడూ గాలి చూసుకుని తాడు వేసేవాడేమో. ఇవాళ కోపంలో చూసుకోలేదు. కురిసి కురిసి ఆ మబ్బు అయిపోద్ది. అయిపోయిన చోట ఇద్దరూ కింద పడాల్సిందే.”

“నైరుతిన ఉన్నది ముళ్ళకోన,” అన్నాడు మహారాజు. “అందులోకి వెళ్ళినవాళ్ళు లేరు. నువ్వు గెలిచావు తల్లీ. ఇంటికి పో.”

పైడి తల్లి ముఖంలోకి చూసింది. గొడుగు లేకుండా తల్లి కళ్ళను బయటి వెలుతురులో చూడటం ఆమెకు అదే మొదలు.

సరసి కూతురి తల నిమిరింది. ఇప్పుడే దక్కిన పిల్ల. అటు చూస్తే, ఆ పిల్లకు బదులుగా వెళ్ళినవాడు మబ్బులో ఉన్నాడు. ఆమె చీర కుచ్చెళ్ళు ఎగదోపి బొడ్లో దోపుకుంది. “ఈ వానలో బట్టలు ఎట్టాగూ ఆరవు,” అంది. పైడిని ఎత్తి, మోకరించి ఉన్న పట్టపుటేనుగు మీద కూర్చోబెట్టి, ముత్యాల జాలరు పట్టుకుని తానూ ఎక్కింది. వాళ్ళ వెనకాల దబ్బడు ఎక్కాడు. వాడు ఎక్కడానికి నలుగురు తోయవలసి వచ్చింది.

“అది మా ఏనుగు,” అన్నాడు మహారాజు, వానలో తడుస్తూ.

“మళ్ళీ తెచ్చిస్తామండి,” అంది పైడి. “పోలయ్య మావా, నైరుతికి.”

“అటు దారి లేదమ్మా,” అన్నాడు మావటి, అంకుశం తీసుకుంటూనే.

“ఏనుగు పోతే అదే దారి అవుద్ది.”

కోట తలుపు దాటేసరికి మబ్బు లోపల మెరుపు మెరిసింది. పైడి తనకు తెలియకుండానే లెక్కపెట్టింది. మూడు అనేసరికి ఉరిమింది. చాకిరేవు దాటాక మళ్ళీ మెరిసింది. ఈసారి ఆరు దాకా వచ్చింది. మబ్బు చిన్నదిగా కనబడుతోంది. మూడోసారి మెరిసినప్పుడు తొమ్మిది.

ఈ సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఏ తాటాకు మీదా లేదు. ఆమె ఒకసారి వేళ్ళ వైపు, ఒకసారి మబ్బు వైపు చూసుకుంది.

“లెక్క పెరిగేకొద్దీ అయ్యోరు దూరమైపోతన్నారు,” అంది. “మావా, తొందరగా.”

పోలయ్య ఏనుగు చెవి వెనక కాలితో తట్టాడు. రేగుముళ్ళు, తుమ్మకంపలు ఏనుగు ఛాతీకి తగిలి ఫెళఫెళ విరిగాయి. కొమ్మలు ముఖాలకు కొట్టుకున్నాయి. ముళ్ళకోన వాళ్ళను లోపలికి తీసుకుని వెనక మూసుకుపోయింది. ఎదురుగా ఆకుల సందులోంచి కనబడే ఆకాశం మళ్ళీ తెల్లగా వెలిగింది.

ఈసారి నలుగురూ గొంతెత్తి లెక్కపెట్టారు, మావటితో సహా. ఒకటి, రెండు, మూడు, నాలుగు. దబ్బడు కళ్ళు మూసుకున్నాడు. అయిదు, ఆరు.

ఏడు దగ్గర ఉరిమింది.

“అందుతన్నారు,” అంది పైడి. “నడుపు.”